బూడిదలో తెల్లముక్క

నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజున మా సారు పిల్లలందరికీ చాక్లెట్లు పంచాడట. అంత తెలివైనవాణ్ణి కాబట్టే, మెదక్ బస్టాండులో ఎక్కిన బస్సులో జనమంతా నిలబడి వదిలేసిన సీటు చూసి, అదృష్టమనుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దమనిషి ఒళ్లో ఎర్రగుడ్డ కట్టిన ముంత ఉంది. కొడుకు అస్థికలట, మంజీరలో కలపడానికి తీసుకుపోతున్నాడు. అస్థికల పక్కన ఎవరూ కూర్చోరన్న సంగతి అప్పుడుగానీ నా బుర్రకెక్కలేదు. ఇక లేస్తే బాగుండదని ఉండిపోయాను.

ఆయన జేబులోంచి ఎముకలాంటి, వేలెడంత తెల్లముక్క తీశాడు.

"బండి మీదికెళ్లి పడి పోరని కాలుబొక్క నుజ్జయింది తమ్మీ. గా సందుల డాక్టర్లు గీ పింగాణి ముక్క పెట్టిండ్రు. దీని సుట్టు బొక్క పెరిగి రెండు ఒక్కటైతయన్నరు. గంతట్ల చీము వట్టి పోరడే పాయె. బూడిదల ఇది గిట్లనే దొరికింది. బొక్క గాదు, పారెయ్‌మంటున్నరు మావోళ్లు. ముంతల ఎయ్యాల్నా, వద్దా?"



"వానితోని మంటల పండుకున్నది. వానిదే గద కాకా," అన్నాను.

ఆయన ముడి విప్పి, ముక్కను ముంతలో పెట్టి, మళ్లీ కట్టాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. "గంతమందిల నన్నే అడిగిండు. మనకూ జర తెలివున్నట్టే."

"నీ తెలివి జూసి అడిగిండా?" అంది. "పక్కకు కూసున్నోనివి నువ్వొక్కనివే గద."