రంగు లేని చప్పుడు

నాన్న బాగున్నాడో లేదో మేం చెవులతోనే తెలుసుకునేవాళ్లం. పెడనలో కలంకారీ అద్దే ఇళ్లన్నీ అంతే. చెక్క అచ్చును బట్ట మీద ఆనించి పిడికిలితో గుద్దే చప్పుడు వెనక షెడ్డులోంచి వస్తోందంటే, ఆ ఇంటి మగమనిషికి ఏమీ కాలేదని లెక్క.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు, ఏళ్ల తరబడి నాన్నకు ఎదురుబల్ల మీద అద్దిన స్నేహితుడు బందరు ఆసుపత్రిలో పోయాడు. చివరిచూపు కూడా దక్కలేదు. ఆ తర్వాత నాన్న మాటలు తగ్గిపోయాయి. కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉండేవాడు, తినేవాడు కాదు. నేను భయపడితే అమ్మ షెడ్డు వైపు చెయ్యి చూపించేది.

"వినపడట్లా? పొద్దుట్నించీ కొడుతూనే ఉన్నాడు. బాగానే ఉన్నాడులే మీ నాన్న."

ఒకరోజు టీ ఇద్దామని వెళ్లాను. అచ్చు లేస్తోంది, పడుతోంది. రంగు తట్ట ఎండి బీటలు వారింది. బల్ల మీద పరిచిన బట్టపై ఒక్క పువ్వు కూడా లేదు.

"రంగేది నాన్నా?"

తలెత్తలేదు. "చప్పుడు ఆగితే మీ అమ్మ భయపడుద్దమ్మా" అన్నాడు.

టీ గ్లాసు అక్కడే పెట్టి వచ్చి, గుడివాడలో మానసిక డాక్టరు ఉన్నారని తెలుసుకుని ఫోన్ చేశాను. రెండిళ్ల అవతల ఉండే మేనత్తకు కబురు ఎలా చేరిందో, పరిగెత్తుకొచ్చింది.

"పిచ్చి డాక్టరు దగ్గరికా? నీకు రేపు సంబంధాలు రావద్దటే? అడిగితే కరోనా అని చెప్పవే. అదెవరికైనా వచ్చేదే!"

మొన్నటిదాకా కరోనాని దాచుకున్న వీధి మాది. ఇప్పుడు అదే మర్యాదగల జబ్బయింది.

పదిమందిలో నా నోరు పెగలదు. నా మాటలన్నీ డైరీలోనే. ఆటో వచ్చేసరికి గుమ్మాలన్నింటిలో మనుషులున్నారు. నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. డ్రైవరు మాస్కు పైకి లాక్కున్నాడు.

"ఏంటమ్మా, కరోనా కాదు కదా?"

"కాదు బాబాయ్. నాన్నకి మనసు బాలేదు. మానసిక డాక్టరు దగ్గరికి" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

"హమ్మయ్య, అయితే ఎక్కండి!"

నాన్న కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది. మందులు ఇంకా వాడుతున్నాడు. పోయిన ఏడాది నన్ను పెళ్లిచూపులు చూడ్డానికి ఉయ్యూరు నుంచి వస్తున్నారంటే, మేనత్త మందుల డబ్బా బీరువాలో పెట్టింది. తీసి మళ్లీ నాన్న కుర్చీ పక్కనే పెట్టాను. ఎవరివని వాళ్లు అడిగారు. నాన్నవని, ఎందుకో కూడా చెప్పాను. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

"తృప్తిగా ఉందా?" అంది మేనత్త.

నాకంటే ముందు నాన్న అన్నాడు: "నన్ను బీరువాలో దాచి పిల్లనివ్వాల్సిన ఇల్లు మనకెందుకే?"

ఇప్పుడు షెడ్డులోంచి చప్పుడు వస్తూనే ఉంటుంది. అయినా అమ్మ స్టవ్ తగ్గించి, వెళ్లి బట్ట చూసి వస్తుంది.