నాయన అడగని మార్కులు

బంగారుపాళ్యం మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో కాయలు ఏరే రాజారత్నానికి రెబెకా ఒక్కతే కూతురు. భార్య పోయాక తనే ఆ పిల్లకు జడలు వేసి బడికి పంపాడు. తెలుగు మీడియంలో ఇంటర్ ముగించి, రెబెకా తిరుపతిలో బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరింది. అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. అర్థం కాలేదంటే నవ్వుతారేమోనని చివరి బెంచీలో కూర్చుని, బోర్డు మీద ఉన్నదంతా నోట్సులోకి ఎక్కించుకునేది.

మొదటి సెమిస్టర్‌లో ఆరు సబ్జెక్టులకు నాలుగు పోయాయి. ఆ సాయంత్రం నాయన ఫోను చేస్తే అన్నీ పాసయ్యానని చెప్పేసింది. మర్నాడు నిజం చెబుదామనుకునేసరికి, ఆయన ఫ్యాక్టరీలో అందరికీ టీ తాగించేశాడు.

మే నెలలో రాజారత్నం సంచీడు బేనీషా మామిడికాయలతో చెప్పాపెట్టకుండా కాలేజీకి వచ్చాడు. లెక్చరర్ పంకజాక్షి మేడమ్ బల్ల మీద కాయలు పెట్టి, తన బిడ్డను పాస్ చేయించారని చేతులు జోడించాడు. రెబెకా చెప్పిన అబద్ధం ఆమెకు తెలియదు. నాలుగు సబ్జెక్టులు మిగిలాయనీ, కష్టపడితే గట్టెక్కుతుందనీ మెల్లగా చెప్పింది. రెబెకా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

బస్టాండు దాకా ఇద్దరూ నడిచారు. బస్సెక్కే ముందు ఆయన అన్నాడు:

"ఫెయిలైతే ఏమైతాది పాపా. నాకు చెప్పింటే సాలు గదా."

ఆ తర్వాత ఫోనులో తిన్నావా అని అడిగేవాడు, ఊళ్లో వాన పడిందని చెప్పేవాడు. చదువు ఊసెత్తేవాడు కాదు. ఆయన తిట్టినా ఆమెకు అంత బాధ కలిగేది కాదు. చిత్తూరు కాలేజీకి మారి, ఇంటి నుంచే వెళ్లొస్తూ రోజూ కళ్లెదుట ఉంటే ఆయన మనసు మెత్తబడుతుందనుకుంది. ఫెయిలైన సబ్జెక్టులుంటే చేర్చుకునేది లేదని చిత్తూరులో చెప్పారు.

అప్పుడు మొదటిసారి పంకజాక్షి దగ్గరికి వెళ్లి, తనకేమీ అర్థం కావడం లేదని ఒప్పుకుంది. రెండు నెలలు ఆమె రోజూ క్లాసులయ్యాక తెలుగులో విడమరిచి చెప్పింది. జూలైలో పాతవీ కొత్తవీ కలిపి రాసి రెబెకా అన్నీ పాసైంది. లెక్కల్లో మాత్రం గీటు మీద బయటపడింది.

"నాయనా, అన్నీ పాసైనాను" అంది ఫోనులో.

"సరేమ్మా" అన్నాడు ఆయన.

చిత్తూరులో చేరే రోజు వెంట వచ్చాడు. గుమాస్తా మార్కుల మెమో చూసి రెబెకాను సంతకం పెట్టమన్నాడు. రాజారత్నం బల్ల మీదికి వంగాడు.

"నాకు ఇంగ్లీషు సదవను రాదు సార్. పాసని యాడుండాదో రవంత సూపిస్తారా?"

గుమాస్తా వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించాడు. రెబెకా తల దించుకుని సంతకం పెట్టింది. ఆమెకు కోపం రాలేదు.

ఇప్పుడామె రెండో ఏడాది చదువుతోంది. ఫలితాలు రాగానే ఆయన అడగకముందే మెమో చేతికిస్తుంది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పక్కవీధి టీచరు మునికుమార్ దగ్గరికి వెళ్లి చదివించుకుని వస్తాడు. వచ్చాక, అన్నం తిందాం రమ్మంటాడు.