గీత కింద మొదటి పేరు

పెద్ద విమాన కంపెనీలో పైలట్ నుదుటి రాత రాసేది బ్రహ్మదేవుడు కాదండీ, చేరిన తేదీ. ఏ విమానం నడపాలి, కెప్టెన్ కూర్చునే ఎడమ సీటా, కో-పైలట్ కూర్చునే కుడి సీటా, ఆదివారం ఇంట్లోనా ఆకాశంలోనా, అన్నీ ఆ తేదీని బట్టే. ఒక్క రోజు ముందు చేరినవాడు ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ముందే ఉంటాడు. ఎంత మొనగాడైనా ఆ జాబితాలో ఎవర్నీ దాటలేడు. ఈ సంగతి మాస్టారికి తెలియక కాదు. పదిమందికి చెప్పినవాడే.

మాస్టారు అంటే అసలు పేరు కాదు. ఏడేళ్లు ఫ్లయింగ్ స్కూల్లో రెండు సీట్ల విమానం మీద పాఠాలు చెప్పాడు, ఆ పిలుపు అలా అతుక్కుపోయింది. తొమ్మిదేళ్లు చిన్నవాడైన సొంత తమ్ముడికి విమానం నేర్పిందీ ఆయనే. దిగేటప్పుడు తమ్ముడు ఊపిరి బిగబడితే, "గాలి పీల్చుకోరా, దానికి డబ్బులు కట్టక్కర్లేదు" అని భుజం చరిచేవాడు. తర్వాత ఇద్దరూ ఒక చిన్న కంపెనీలో చేరారు. యాభై సీట్ల పంకాల విమానం, రోజుకు ఆరు ట్రిప్పులు, ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య నిలబడి తిండి. అక్కడే మాస్టారు కెప్టెన్ అయ్యాడు.

పెద్ద కంపెనీ పరీక్షకు అన్నదమ్ములు కలిసే వెళ్లారు. ఇద్దరికీ ఒకే రోజు ఉత్తరాలొచ్చాయి, ఒకే బ్యాచ్‌లో చేరమని. అప్పుడు మాస్టారు చేసిన పని చూడండి! కెప్టెన్‌గా వెయ్యి గంటలు నిండడానికి ఆయనకు ఇంకా అరవై రెండు గంటలు తక్కువ. వెయ్యి నిండితే ఎక్కడికి పోయినా ఉద్యోగం దొరుకుతుంది. రేపు పెద్ద కంపెనీలో ఏదైనా తేడా వస్తే? నెలన్నరలో ఆ లోటు పూడ్చుకుని తర్వాతి బ్యాచ్‌లో చేరతానని రాసి పంపాడు.

"పిలిచి కుర్చీ వేస్తే, ఉండండి ఇప్పుడే వస్తానంటారేంటండీ!" అని భార్య నెత్తి కొట్టుకుంది.

"నిదానమే ప్రధానం," అన్నాడాయన.

"ఆలస్యం అమృతం విషం. అదీ పెద్దలు చెప్పిందే!"

తర్వాతి బ్యాచ్ రానే లేదు. జనం ప్రయాణాలు తగ్గించారని కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టేసరికి ఆరేళ్లు గడిచాయి. నలభై ఐదేళ్ల వయసులో, జాబితాలో తన దగ్గర చదువుకున్న పిల్లల వెనక, మాస్టారు కుడి సీట్లో కూర్చున్నాడు. అప్పటికి తమ్ముడు కెప్టెన్.

ఒకే ఒక్కసారి ఇద్దరికీ కలిసి డ్యూటీ పడింది. తమ్ముడు కాక్‌పిట్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎడమ సీటు వైపు చూసి, "నువ్వు కూర్చో అన్నయ్యా" అన్నాడు.

"చాల్లే, నీ పిచ్చి గానీ. కూర్చోండి కెప్టెన్ గారూ!" అని మాస్టారు నవ్వాడు.

ఆ రోజు తమ్ముడు ఈదురుగాలిలో విమానాన్ని దించిన తీరు గురించి ఇంటికొచ్చి భార్యకు పదిసార్లు చెప్పాడు. తన తప్పు గుర్తొచ్చి గుండె మండినప్పుడల్లా ఆయన చెప్పుకునే ఓదార్పు ఒకటే. నేను కాకపోతేనేం, వాడున్నాడు కదా.

రెండేళ్లు తిరక్కుండానే గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. నష్టాలొచ్చాయి, నూట పది మంది పైలట్లను తీసేస్తామంది కంపెనీ. జాబితా అడుగు నుంచి నూట పది లెక్కబెట్టి అడ్డంగా గీత గీశారు. గీత కింద మొదటి పేరు మాస్టారిది. పైన ఉన్నవాళ్లెవరైనా తమంతట తాము ఉద్యోగం వదులుకుంటే, ఒక్కొక్కరికి ఆ గీత ఒక్కో మెట్టు కిందికి దిగుతుందని కూడా రాశారు.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా, "గీత దిగిపోయింది అన్నయ్యా! నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు" అన్నాడు.

"ఏం చేశావురా?"

"పొద్దున్నే రాజీనామా రాసిచ్చేశాను. నీకు చెప్తే ఒప్పుకోవు, అందుకే చెప్పలేదు. నాకింకా వయసుంది, మళ్లీ అడుగు నుంచి ఎక్కగలను. నీకు లేదు కదా."

మాస్టారు తన ఫోన్ తీసి తమ్ముడి ముందు పెట్టాడు. గంట క్రితమే ఫోన్లోకి కొత్త జాబితా వచ్చింది. జబ్బు చేసి చాలాకాలంగా సెలవులో ఉన్న ఇద్దరు పాత కెప్టెన్లు తిరిగొచ్చారు. వాళ్ల పాత తేదీలు వాళ్లవే. ఆ ఇద్దరికీ చోటివ్వడానికి గీత రెండు మెట్లు పైకి జరిగింది, తమ్ముడి రాజీనామాతో ఒక్క మెట్టు కిందికి దిగింది. మాస్టారు ఇంకా గీత కిందే ఉన్నాడు.

తమ్ముడు ఫోన్ తీసుకుని రెండుసార్లు చదివాడు. "మరి నేను..."

"ఇంకెవర్నో నిలబెట్టావురా నాన్నా."

రాసిచ్చిన కాగితం వెనక్కి తీసుకోవడానికి లేదని ఇద్దరికీ తెలుసు. మాట అనడానికి హక్కున్న భార్య మరిదికి మంచినీళ్లు తెచ్చిచ్చి, తలుపు చాటుకు వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆ రోజు చేరి ఉంటే వీడు ఇవాళ ఈ సంతకం పెట్టేవాడా అనుకున్నాడు మాస్టారు. తన బతుకు పోగొట్టుకున్నందుకు ఆయన ఎప్పుడూ ఏడవలేదు. ఇది ఆయనకు తట్టుకోవడం చేతకాలేదు.

అంతలో తమ్ముడి ఫోన్ మోగింది. అతను ఎత్తే స్థితిలో లేడు. మాస్టారే ఎత్తాడు.

అవతల ఎవరో ముక్కూ మొహం తెలియని కో-పైలట్. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. "కెప్టెన్ గారూ, మీరు తప్పుకోబట్టి నేను మిగిలానని ఆఫీసులో చెప్పారు. గీత అంచునే ఉన్నానని మా ఇంట్లో నిన్నట్నుంచి పొయ్యి వెలగలేదండీ. మీ రుణం ఎలా తీర్చుకోను?"

"నేను ఆయన్ని కాదు బాబూ, ఆయన అన్నయ్యని," అన్నాడు మాస్టారు. "మా తమ్ముడు చాలా మంచి పైలట్. వాడికి విమానం నేర్పింది నేనే." ఇంకేదో చెప్పబోయి, ఫోన్ పట్టుకుని అలాగే ఏడ్చాడు.