సోఫా పక్కన మొద్దు

ఆ రోజుల్లో చాయ్ గ్లాసు పెట్టుకోవడానికి నేలను మించిన బల్ల ఇంకొకటి ఉంటుందని మా జనగామలో ఎవరికీ తోచలేదు. మంచం మీద కూర్చుని తాగేవాళ్లం, తాగాక వంగి కింద పెట్టేవాళ్లం, ఎవరి కాలో తగిలి అది దొర్లితే "కండ్లు నెత్తికెక్కినయా" అని ఒకరినొకరు తిట్టుకునేవాళ్లం. సంసారాలు హాయిగానే సాగిపోయేవి. సోఫాలు వచ్చి మా అలవాట్లన్నీ పాడుచేశాయి. సోఫాలో కూరుకుపోయినవాడు కిందికి వంగలేడు కదా, అందుకని వాడి మోచేతి పక్కన ఒక చిన్న బల్ల ఉండాలి, అవతలి పక్కన ఇంకొకటి ఉండాలి. ఆ రెండు బల్లల పుణ్యమా అని నా పెళ్లి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. (అప్పుడు మాత్రం చెమటలు పట్టాయి.)

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో చదువుకు ఒక ఏడాది ఎగనామం పెట్టి, ఊరేగింపుల్లో గొంతు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ గొంతు తిరిగొచ్చి, డిగ్రీ చేతికొచ్చి, జనగామలో గుమాస్తా ఉద్యోగం దొరికేసరికి నాకు పెళ్లీడు దాటిపోతోందని మా అవ్వకు (అమ్మను మేం అలాగే పిలుస్తాం) బెంగ పట్టుకుంది. అప్పుడు మానుకోట సంబంధం వచ్చింది. (మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసుకోవచ్చుగాక, మాకది మానుకోటే.) పిల్లను చూడ్డానికి పోయాం. ఆ పిల్ల చాయ్ ఇస్తూ నా వంక చూసి, నేను చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నానని కనిపెట్టి, నవ్వు ఆపుకుంటూ లోపలికి పోయింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని నేను అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక మిగిలింది 'ఇల్లు చూసుడు'. పిల్ల తరఫువాళ్లు వచ్చి పిల్లగాడి ఇల్లు చూడాలి. నచ్చితే ఆ ఇంట్లో అన్నం తింటారు. నచ్చకపోతే చాయ్ తాగి "కబురు చేస్తం" అని లేస్తారు. ఆ కబురు ఇక ఈ జన్మలో రాదు.

నా దోస్తు ఒకడు కొన్నాళ్లు బొంబాయి దగ్గర భీవండి మిల్లులో పనిచేసి వచ్చాడు. అప్పట్నుంచీ అందరికీ వాడు బొంబాయే. నేను అప్పు చేసి కొన్న ఎర్ర రెగ్జిన్ సోఫా చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచాడు.

"గిట్ల ఒంటిగ ఏస్తె టేషన్ల బెంచి లెక్కనే ఉంటది. రెండు దిక్కుల రెండు చిన్న టేబుళ్లు పడాలె."

"సరే తియ్, ఒక్క తీరువి రెండు తెస్త."

"ఒక్క తీరువి పెట్టేది దవాఖానల. బొంబాయిల పెద్దోళ్ల ఇండ్లల్ల ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడ్తున్నరు. పాతది ఎంత పాతగుంటె గంత ఇజ్జత్."

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని నమ్మే ఊళ్లో పుట్టినవాణ్ని. వాడి మాట నాకు అర్థం కాలేదు, కానీ అర్థం కాని మాటలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ గౌరవమే. కొత్తదాన్ని హన్మకొండ దుకాణంలో కొని బస్సు టాపు మీద తెచ్చాను. పైన పాలరాయి డిజైను మైకా, బయటికి వాలిన సన్నటి కాళ్లు, ఆ కాళ్లకు ఇత్తడి తొడుగులు. పాతదాని కోసం మా సొంతూరు రఘునాథపల్లికి పోయి పాత ఇల్లంతా వెతికాను. తాత భూపాలపల్లి దిక్కు నుంచి బండ్ల మీద తెప్పించిన టేకు సామానంతా పాళ్లు పంచుకున్నప్పుడు పెదబాపు వాటాకు పోయింది. (మా వాటాకు బావి వచ్చింది. బావిని సోఫా పక్కన పెట్టలేం.) చివరికి గొడ్ల కొట్టంలో దొరికింది, మూడు కాళ్ల చింతమొద్దు. గుండ్రంగా, నల్లగా, నడుమ గుంటపడి, మీదంతా గాట్లతో ఎంత పాతగా ఉందో చెప్పలేను. పండగలకు యాటను కోసినప్పుడు మాంసం కొట్టే మొద్దు అది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఎత్తుకున్నాను.

"బేవకూఫ్, నీసు కొట్టే మొద్దురా గది. దాని మీద చాయ్ గిలాసలు పెడ్తవా?" అన్నది అవ్వ.

"వార్నిష్ కొడ్తె ఎవలికి ఎర్కైతదే అవ్వా?"

"మనుషులకైతె ఎర్క కాకపోవచ్చు" అంటూ అవ్వ చాటలో బియ్యం చెరగసాగింది. ఆ మాటను నేను పట్టించుకోలేదు. వార్నిష్ దట్టంగా పట్టించి, మీద దారంతో అల్లిన గుడ్డ కప్పి, సోఫాకు ఎడమ పక్కన దాన్ని, కుడి పక్కన మైకా బల్లను పెట్టి దూరంగా నిలబడి చూసుకున్నాను. పెళ్లయిపోయినట్టే అనిపించింది.

వాళ్లు వచ్చింది ఎండాకాలం, శనివారం. పిల్ల తండ్రి భారీ మనిషి, శనివారం ఒక్కపొద్దు ఉంటాడు, ఆ రోజు నీసు అనే మాట కూడా నోట రానివ్వడు. ఆయన వెంట ఆయన తల్లి, అంటే పిల్ల నాయినమ్మ. ఆయన సోఫా అంతా నిండేలా దిగబడి ఎడమ చేతివైపు చూసి, "గీ బల్ల మంచి పాతగున్నదే" అన్నాడు. అక్కడితో ఊరుకోవచ్చు కదా నేను.

"మా తాత జమానాదండి. దీని మీద పూజకు గంధం తీసేటోళ్లు. నడుమ గుంత గందుకే పడ్డది."

ఆయన వెంటనే మొద్దును తాకి ఆ చేతిని కళ్లకద్దుకున్నాడు. తలుపు దగ్గర అవ్వ నా వంక ఉరిమి చూసింది. పాపం ఆయనకేం తెలుసు, ఏటేటా ఎన్ని యాటల ప్రాణం దాని మీద పోగయిందో. ఇంతలో కిటికీ ఎండ మొద్దు మీద పడింది. కొత్త వార్నిష్ మెత్తబడి, లోపల ఏళ్లుగా ఇంకిన కొవ్వు మెల్లగా ఊపిరి వదిలింది. ముందు నాకే వాసన తగిలింది. తరువాత పక్కింటి పిల్లికి తగిలింది. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినవాడి గురించి విన్నాను గానీ, నా పెళ్లికి పిల్లి తనంతట తనే నడిచొచ్చింది. ఎవరి వంకా చూడకుండా తిన్నగా వచ్చి, అల్లిక గుడ్డను పంజాతో కిందికి లాగి, మొద్దును నాకడం మొదలుపెట్టింది. ఉష్షు ఉష్షు అన్నాను. కదల్లేదు.

"పిల్లులకు గంధమంటె పానం" అన్నాడు బొంబాయి, నన్ను ఆదుకుందామని.

నాయినమ్మ వాడి వంక నిదానంగా చూసింది. "మా మానుకోట పిల్లులు పాలకు వస్తయి బిడ్డా. మీ జనగామ పిల్లులు శాన భక్తి గలయి." లేచి వచ్చి, గాట్ల మీద అరచెయ్యి ఆనించి, వేళ్లు వాసన చూసుకుంది. "కొడుకా, నువ్వు కండ్లకద్దుకున్నది యాట కొట్టే మొద్దు."

ఆయన తన చేతిని తానే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. తువ్వాలతో తుడుచుకున్నాడు. "లే అవ్వా, పోదం. కబురు చేద్దం" అన్నాడు తల్లితో. మానుకోటలో నవ్వు ఆపుకుంటూ లోపలికి పోయిన ఆ పిల్ల ఇక నాకు లేదనిపించి నిజంగా ఏడుపొచ్చింది. ఆయన లేవడానికి కుడి చెయ్యి మైకా బల్ల మీద మోపాడు. పైన పటారం, లోన లొటారం. అప్పుడే పుట్టిన దూడలా అది నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాపేసింది. ఆయన నేల మీద కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. పిల్లి ఒక్కటే కాస్త పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది.

"అయ్యో అన్నా" అని అవ్వ ఉరికొచ్చింది. నాయినమ్మ మాత్రం కదల్లేదు. "మొద్దు పట్టుకోని లే కొడుకా" అన్నది.

ఆయన ముందు తటపటాయించాడు. తరువాత రెండు చేతులూ మొద్దు మీద మోపి లేచాడు. అంత మనిషి బరువుకు అది చిన్న చప్పుడైనా చేయలేదు.

"చూసినవా" అన్నది ముసలమ్మ. "గసొంటి చింతమొద్దుల దోసెడు గుంత పడ్డదంటె, గీ ఇంట్ల ఎంతమంది చుట్టాలు కడుపునిండ తిని పోయిన్రో లెక్కజూసుకో. సోఫాలు ఎవలన్న కొంటరు. గుంత యాడ కొంటరు?" అని నా వైపు తిరిగింది. "నీకు అబద్ధం ఆడుడు సక్కగ రాదు. గది మంచిదే."

ఆయన చాలాసేపు పంచె దులుపుకున్నాడు. "ఇయ్యాల శనివారం, నేనేం అనను" అన్నాడు. గడప దాటబోతూ అవ్వతో, "రేపు ఐతారం గద చెల్లె. పొద్దుగాల్నే వస్తం" అన్నాడు. అంటే అన్నానికి వస్తారు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రం నేనూ బొంబాయీ పెరట్లో కూర్చుని గాజుపెంకులతో వార్నిష్ అంతా గీకి పారేశాం. మర్నాడు మొద్దు దాని పని అది చేసింది.

ఈమధ్య నేనూ మా ఆవిడా సోఫా పక్కకు బల్లలు చూద్దామని పెద్ద దుకాణానికి పోతే, అక్కడ చెట్టు మొద్దుకు మెరుగుపెట్టి అద్దాల గదిలో నిలబెట్టారు. ధర చూసి మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నా గుండీలు చూసి నవ్విన నవ్వే. ఏమీ కొనకుండా తిరిగొచ్చి మా మొద్దునే లోపలికి తెచ్చుకున్నాం. ఇప్పుడు మాంసం కొట్టు దగ్గరే ముక్కలు కొట్టి సంచిలో వేసి ఇస్తున్నారు కదా, దానికీ నాలాగే పని లేదు. నాకు మోకాళ్ల నొప్పులు. సోఫాలోంచి లేవాలంటే దాని మీద చెయ్యి మోపాల్సిందే.

"పైలం. గంధం తీసిన బల్ల, కండ్లకద్దుకోని లే" అంటుంది ఆవిడ వంటింట్లోంచి.

నేను నిజంగానే అద్దుకుంటాను. కిటికీ ఎండ దాని మీద పడినప్పుడు ఒక్కోసారి తలుపు వైపు చూస్తూ కూర్చుంటాను కూడా. పిల్లి మాత్రం రాదు.