మూడో రొట్టె

నేను పడిపోయి ఆరేళ్లు. పుణెలో మేస్త్రీ పని చేస్తూ రెండో అంతస్తు నుంచి జారాను. నడుము కింద సోయి లేదు. అప్పటి నుంచి మా ఊరు అమరచింతలో, మా వాకిట్లో, ఈ చక్రాల కుర్చీలోనే నా బతుకు.

మొన్న వనపర్తి దవాఖానలో రక్తం చూసి షుగర్ మొదలైందన్నారు. కాళ్లు పోవడం చాలలేదు కాబోలు! డాక్టరమ్మ నా పొట్ట వైపు చూసి ముఖం మీదే చెప్పింది. "కాళ్లు కదలవు, తిన్నది ఒంట్లోనే ఉంటది. రొట్టెలు తగ్గియ్యి. రోజూ చేతులతోని కసరత్తు చెయ్యి. లేకుంటే గుండెకొస్తది."

కసరత్తు ఎలాగో నడుస్తోంది. రెండు నీళ్ల సీసాల్లో ఇసుక నింపి పొద్దున్నే ఆయాసమొచ్చేదాకా ఎత్తుతున్నాను. భుజాలు పీకుతాయి. కుర్చీ తోసుకునేదీ ఈ భుజాలతోనే, ఇవి కూడా పోతే ఎట్లా అని భయం. ఎందుకొచ్చిన బాధరా అనుకుంటూనే ఎత్తుతాను.

గొడవంతా కంచం దగ్గరే. పనికి పోయే రోజుల్లో నాకు మూడు జొన్న రొట్టెలు కావాలి. ఇప్పటికీ మా ఇంటామె మూడే పెడుతుంది. వద్దంటే వినదు. ఒకరోజు విసుగొచ్చి కంచం తోసేశాను. కూలికి బయల్దేరుతున్న ఆమె కొడవలి పట్టుకుని అక్కడే ఆగింది.

"వాకిట్ల కూసొని తింటవు, ఇరుగుపొరుగు వాడకట్టంత చూస్తది. రెండే పెడితే ఏమంటరు? మొగడు సంపాదిస్తలేడని కడుపు మాడుస్తుంది అంటరు. నేనెట్ల తల ఎత్తుకోవాలె?"

తినకపోతే అలిగానంటారని నేనూ మూడూ తినేవాణ్ణి. ఇద్దరం కలిసి నా గుండెను వాడకట్టు చేతిలో పెట్టాం.

మర్నాడు పొద్దున ఎదురింటి పెద్దమ్మ మా అరుగు మీద కూర్చుని ఉంది. మా ఇంటామె మూడో రొట్టె వేయబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, వీధంతా వినేట్టు అరిచాను.

"నేనే వద్దంటున్న పెద్దమ్మా! ఇంకోటి తింటే నా పానానికే వస్తదంట. ఈమెను ఎవరన్న ఏమన్న అంటే నాతోనే పంచాయితి!"

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నిన్నెవరు చూస్తుండ్రు బిడ్డా? నీకు మూడు పెట్టి, నీ పెండ్లాం ఒక్కటే తిని పనికి పోతది. వాడకట్టంత చూసేది గదే. నువ్వే చూస్తలేవు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ రొట్టె తన కంచంలో వేసుకోమని మా ఇంటామెకు చెప్పాను. ఆమె గుమ్మంలో కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఆమె తింటుంటే ఆరేళ్లలో ఒక్కసారీ చూడలేదు. ఆ రోజు చివరి ముక్క దాకా చూశాను.