అవ్వ చేట, నా గాలిమందు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోడికంటే ముందు లేచేది నా దగ్గే. ఆత్మకూరు దగ్గర పల్లె మాది. చలికాలం వచ్చిందంటే ఛాతీలో పిల్లికూతలు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒక ఏడాదైతే రెండు నెలలు బడి ముఖమే చూడలేదు. మా నాయన బస్సులో వనపర్తి తీసుకుపోతే, అక్కడి డాక్టరు నొక్కి పీల్చే గాలిమందు ఇచ్చి, వాడే తీరు చూపించారు. నేను బుద్ధిగా తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఇంటికొచ్చాక చేసిందేమిటంటే, నోట్లో నొక్కుకోవడం, గబుక్కున గాలి గుంజి గుటక వేయడం, ఆపైన చెంబెడు నీళ్లు తాగడం. మందంటే మింగేదేనని నా లెక్క. కషాయమైనా దగ్గుమందైనా మా అమ్మ అట్లాగే తాగించింది మరి. పది రోజులైనా ఆయాసం తగ్గలేదు. ఈ మందు మనకు పడేది కాదని, దాంతోపాటు బడి కూడా మాన్పించి ఇంటిపట్టునే ఉంచుదామని అమ్మ తేల్చేసింది. బడంటే నాకు ప్రాణం. ఏడిస్తే ఆయాసం ఇంకా ఎక్కువైంది.

ఆరోజు మా కల్లంలో జొన్నలు తూర్పారబడుతున్నారు. మా నాయన తల్లి అయిన మా అవ్వకు అక్షరం ముక్క రాదు గానీ గాలి సంగతి ఆమెకు తెలిసినట్టు ఊళ్లో ఎవరికీ తెలియదు. దుమ్ము నా మీదికి రాకుండా గాలి వచ్చేవైపు దూరంగా కూర్చోబెట్టి, మందు ఎట్లా వాడుతున్నానో చూపించమంది. నా నోట్లోంచి తెల్లటి పొగలాంటిది బయటికి పోవడం ఆమె కంటపడింది. వెళ్లి జొన్నలు నింపిన చేట ఎత్తింది.

గింజలు ఆమె కాళ్ల దగ్గరే రాలాయి. పొట్టు మెల్లటి గాలికి కల్లం చివరిదాకా పోయి పరుచుకుంది. అంతలో ఒక్కసారిగా విసురుగాలి వచ్చింది. పొట్టంతా ముళ్లకంచెకు కొట్టుకుని అక్కడే అతుక్కుపోయింది. అవ్వ చేట దించి నా దగ్గరికొచ్చింది.

“చూసినవా బిడ్డా? కల్లంల మనకు గింజ గావాలె. నీ మందుల మాత్రం పొట్టే గావాలె. బరువున్నది నాలుక మీదనే పడ్తది, సన్నగున్నదే లోపలిదాంక పోతది. నువ్వేమో దుమారం లెక్క గుంజుతున్నవ్, అదంత గొంతుల కంచెకు కొట్టుకుంటున్నది. మెల్లగ పీల్చు. పీల్చినంక జర ఆపు. గాలి ఆగితేనే పొట్టు వాలుతది.”

ఆ పూట మందు లేకుండా ఉత్తగాలితోనే నాతో మళ్లీ మళ్లీ చేయించింది. మర్నాడు మందు నొక్కి, నిదానంగా పీల్చి ఆపుకుంటే, ఎదురుగా కూర్చుని ఒక్కో వేలూ ముడుస్తూ పదిదాకా లెక్కపెట్టింది. గుటక వేయబోతే గడ్డం పట్టుకుంది. కొన్నాళ్లకు పిల్లికూతలు తగ్గాయి. పలకా సంచీ పట్టుకుని నేను గుమ్మం దాటుతుంటే మా అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆ బడే నన్ను పంతులమ్మను చేసింది. నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగ విరమణ చేసి, ఇప్పుడు మనవరాళ్లను ఆడిస్తూ కూర్చున్నాను. మందు ఇచ్చింది డాక్టరే, ఆయన రుణం ఉంది. దాన్ని నా ఊపిరిదాకా చేర్చింది మాత్రం మా అవ్వ. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ పొద్దున్నే మందు పీల్చి ఊపిరి ఆపుకున్నప్పుడు నేను లెక్కపెట్టను. జొన్న దుమ్ము అంటిన ఆ వేళ్లు నా కళ్లముందు ఒక్కొక్కటే ముడుచుకుంటాయి. పదోది ముడిచాకే ఊపిరి వదులుతాను.