ఎడమవైపు ముందు చక్రం

ఇన్నేళ్ళుగా నా గుండెల మీద కూర్చున్నది ఒక ఫోన్ కాల్. రెండు నిమిషాలు కూడా మాట్లాడి ఉండను. ఇప్పటికీ ఫోన్‌లో ఎవరైనా "తమ్ముడూ" అని మొదలుపెడితే ఫోన్ చెవికి దూరంగా జరుపుతాను. నా పేరు చెప్పను. అంత ధైర్యమే ఉంటే ముక్కూ మొహం తెలియని మీకెందుకు రాస్తాను, వెళ్ళి ఆ ఫోన్ చేసినాయనకే చెప్పేవాణ్ణి కదా.

గుంటూరు బైపాస్ మీద నాది టైర్ల షాపు. రెండువేల దశకం చివరి రోజుల సంగతి ఇది. ఒక మిర్చి షావుకారు గారు సెకండ్‌హ్యాండ్‌లో ఫారిన్ కారు కొన్నారు. దాని నాలుగు చక్రాల లోపలా గాలి కొలిచే సెన్సార్లు ఉండేవి. గాలి తగ్గితే డ్రైవర్ ఎదురుగా కారు బొమ్మ వచ్చి, దాని మీద ఆ చక్రం ఎర్రగా వెలిగేది. మా చుట్టుపక్కల అలాంటిది ముట్టుకున్నవాడే లేడు. నేను ముట్టుకున్నాను. ఆ గీర నాకు బాగా ఎక్కింది.

ఆ కారు డ్రైవర్ దావీదన్న. అంతకుముందు ఇరవై ఏళ్ళు లారీ తోలాడు. పొద్దున్నే ఇనుప రాడ్డుతో ఒక్కో టైరు మీదా కొట్టి, ఆ మోతను బట్టి గాలి ఎంతుందో చెప్పేవాడు. ఈ కారుకూ అదే పని చేసేవాడు. ఒకరోజు షాపులో అందరి ముందూ నేను ఆట పట్టించాను. ఏంటన్నా, పుచ్చకాయలు బేరమాడుతున్నట్టు ఆ కొట్టుడు, బొమ్మ చెబుతుందిగా అన్నాను. అందరూ నవ్వారు. సిగ్గుపడి రాడ్డు డిక్కీలో పడేశాడు.

కొన్నాళ్ళకు ఒక సెన్సార్ పాడైంది. చెన్నై నుంచి తెప్పించి నేనే మార్చాను. దానితో వచ్చిన ఇంగ్లీషు కాగితం కూడబలుక్కుని చదివి, ఏ సెన్సార్ ఎక్కడుందో మీటలు నొక్కి కారుకు నేర్పాను. ఎర్రదీపం ఆరింది. ఆ తర్వాత చూస్తే ముందు టైర్లు అరిగి ఉన్నాయి. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాను.

ఇక్కడే చేశాను తప్పు. చక్రాలు చోటు మారితే కారుకు మళ్ళీ మొదటినుంచి నేర్పాలని ఆ కాగితంలో ఉంది. లేకపోతే వెనక చక్రంలో గాలి పోయినా బొమ్మలో ముందు చక్రమే వెలుగుతుంది. ఆ లైను నేను చదివాను. చదవలేదని మీతో అబద్ధమాడను. అరగంట పని. బయట రెండు లారీలు ఆగి ఉన్నాయి. దీపం ఎలాగూ వెలగడం లేదు కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది. షావుకారు గారి భార్యను పొదిలిలో పుట్టింటికి తీసుకెళుతూ, అద్దంకి దాటాక ఒక పెట్రోలు బంకులో కారు ఆపాడు దావీదన్న.

"తమ్ముడూ, ఎడమవైపు ముందు చక్రం ఎర్రగా చూపిస్తంది. ఇక్కడ దాంట్లో గాలి కొలిపిస్తే సరిగానే ఉందంటున్నారు. ఏం చెయ్యమంటావు?"

నేను చేతిలోని స్పానర్ కింద పెట్టాను.

"వింటున్నావా? అమ్మగారు బండిలో ఉన్నారు. పోనీ, రాడ్డు తీసి నాలుగూ ఓసారి కొట్టి చూడనా?"

"అక్కర్లేదన్నా. కొత్త సెన్సార్ కదా, కాస్త దూరం పోతే అదే సర్దుకుంటది. పోనీయ్."

"నువ్వు పోనీయమంటే పోనిస్తా మరి."

అప్పుడు నాకు తెలుసా? ఈ ప్రశ్న వేసుకోని రోజు లేదు. గాలి తగ్గింది వెనక చక్రంలోనని తట్టలేదా? తట్టింది. ఆయన మాట పూర్తి కాకముందే తట్టింది. "వెనకది చూడన్నా" అనడానికి రెండు మాటలు చాలు. కానీ ఆ రెండు మాటలూ అంటే, ఎందుకని అడుగుతాడు, నేను చేసిన పని బయటపడుతుంది, ఫారిన్ కారు పని నాకు రాదని ఊరంతా అనుకుంటుంది, అన్న ఆలోచన నా నోరు నొక్కేసింది. అంతే. ఇంకే కారణమూ లేదు. వెతికాను, దొరకలేదు.

దర్శి చేరకముందే వెనక టైరు పేలి కారు కంది చేలోకి దూసుకుపోయింది. అమ్మగారి చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆ మోచెయ్యి మళ్ళీ తిన్నగా చాపలేకపోయారు. టైరు మార్చడానికి కారు నా షాపుకే వచ్చింది. ఎవరూ చూడకుండా మీటలు నొక్కి, చేయాల్సిన పని అప్పుడు చేశాను.

షావుకారు గారు దావీదన్నను వెంటబెట్టుకుని వచ్చి, ఆ రోజు ఏం చెప్పావని నన్నడిగారు. నాలుగు టైర్లూ చూసుకునే కదలమన్నానండీ అన్నాను. తడుముకోలేదు కూడా. దావీదన్న నా వంక చూశాడు. కోపంగా కాదు, ఆలోచిస్తున్నట్టు చూశాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నేనే సరిగా వినలేదేమోనండి," అన్నాడు.

ఆ రోజే ఆయన పని పోయింది. ఆ తర్వాత ఎవరూ కారు చేతికివ్వలేదు. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. నాతో మాత్రం ఎప్పటిలాగే ఉంటాడు. ఎదురుపడితే తిన్నావా అని అడుగుతాడు. ఆ పలకరింపు నేను భరించలేను. ఆయన వస్తుంటే పక్క సందులోకి తిరిగిన రోజులున్నాయి.

మొన్న వాళ్ళ చర్చి పండక్కి పిలిస్తే తప్పించుకోలేక వెళ్ళాను. సాక్ష్యం చెప్పమంటే దావీదన్న లేచాడు. నా అశ్రద్ధ వల్ల ఒక తల్లి అవిటిదైంది, దేవుడు నన్ను క్షమించాలని మీరంతా ప్రార్థించండి అన్నాడు. ప్రతి ఏడూ ఇదే అడుగుతాడని పక్కనున్నాయన నా చెవిలో చెప్పాడు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ప్రార్థన అయిపోయింది. అందరూ ఆమెన్ అన్నారు. వాళ్ళతో పాటు నేనూ అన్నాను.

ఇంటికొచ్చి నాలుగు రోజులుగా ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను. తప్పు దావీదన్నది కాదు. నాది. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదని తెలుసు, మీరు నన్ను క్షమించనూ అక్కర్లేదు. ఆయన చెవులు సరిగానే విన్నాయని నాతో పాటు ఇంకొకరికి తెలిసింది. కాస్త ఊపిరాడుతోంది.